తగరపు గని, రబ్బరు తోట

మలేషియా చూసి వచ్చిన మనవాళ్ళ నోట ఒక మాట తరచుగా వింటుంటాను. "చైనావాళ్ళూ, మనవాళ్ళూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే దరిద్రంతో అక్కడికి కూలికి వెళ్ళారండీ. వాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు కట్టుకున్నారు. మనవాళ్ళు మాత్రం..." అని అక్కడ ఆపుతారు. మిగిలినది పూరించవలసిన భారం వినేవాడిది. పూరణకు కావలసిన సామగ్రి కూడా సిద్ధంగానే ఉంటుంది: వాళ్ళు కష్టజీవులు, పొదుపరులు, ఒకరికొకరు ఆసరా, మనవాళ్ళు తాగుబోతులు, ముందుచూపు లేనివాళ్ళు, పదిమంది చేరితే పన్నెండు కక్షలు కట్టేవాళ్ళు. అవధానిగారికి సమస్య ఇచ్చిన పృచ్ఛకుడే పూరణను కూడా జేబులో పెట్టుకొని వచ్చినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఆ మాటలో మొదటి సగం చాలావరకు నిజమే. రెండవ సగమే నాకు మింగుడు పడదు. రెండు జాతులను పక్కపక్కన నిలబెట్టి, ఒకటి పైకి వచ్చింది, రెండవది రాలేదు గనుక మొదటిదానిలో ఏదో సుగుణమూ, రెండవదానిలో ఏదో దుర్గుణమూ ఉండితీరాలి అనటం చూడటానికి తర్కంలాగే ఉంటుంది. కాని పొగను చూసి నిప్పును ఊహించేవాడు ఆ పొగ వంటింటిదో, ఇల్లు తగలబడుతున్నదో కూడా చూసుకోవాలి కదా! ఇద్దరూ దిగిన చోటు ఒకటేనా? దిగిన చోటినుంచి కదిలే స్వేచ్ఛ ఇద్దరికీ ఉందా? ముందు అడగవలసినవి ఈ రెండు ప్రశ్నలని నా అభిప్రాయం.

మలయాకు చైనా కూలీని పిలిచింది తగరం. లారుట్‌లో, కింటా లోయలో, క్లాంగ్ నది ఎగువన 19వ శతాబ్దిలో గనులు తెరుచుకున్నాయి. వచ్చినవాడు సుఖపడ్డాడని ఎవరూ అనలేరు. ఓడ ఛార్జీని అప్పుగా రాసి తీసుకువచ్చి, ఆ అప్పు తీరేదాకా చాకిరీ చేయించుకునే పద్ధతి అది. ఆ కూలీల వ్యాపారానికి చైనా భాషలో వాడుక పేరు 'పందిపిల్లల బేరం'. 1857లో ఇప్పటి కౌలాలంపూరు దగ్గరి అంపాంగ్ అడవిలోకి 87 మంది గని పనివాళ్ళు వెళితే, నెల తిరిగేసరికి జ్వరాల పాలుగాక మిగిలినవాళ్ళు 18 మంది. ముఠా తగాదాలు, నల్లమందు, జూదం... ఆనాటి దొరల రాతల్లో చైనా కూలీ ప్రస్తావన వస్తే ఈ మాటలే ఎక్కువ. కష్టజీవి, పొదుపరి అన్న బిరుదులకు బాగా ప్రచారం వచ్చింది తరువాతి కాలంలో.

అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ గని యజమాని కూడా చైనావాడే. 'తౌకే' అంటారు ఆ షావుకారుని. కూలీకి బియ్యం, నూనె, నల్లమందు అధిక ధరకు అమ్మి రక్తం పీల్చినవాడూ అతడే. కాని ఆ పీల్చిన రక్తం ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. గని చుట్టూ కిరాణా కొట్టు, కమ్మరి కొలిమి, తాకట్టు దుకాణం, పూటకూళ్ళ ఇల్లు వెలిశాయి. అప్పు తీరిన కూలీ ఒక గని మానేసి మరో గనికి పోవచ్చు, కొట్టులో గుమాస్తాగా చేరవచ్చు, తోపుడుబండి పెట్టుకోవచ్చు. తన ఊరివాళ్ళ, తన ఇంటిపేరువాళ్ళ సంఘం ఉంటుంది. పస్తుంటే అన్నం పెడుతుంది, చస్తే పాడె కడుతుంది, నమ్మకం కుదిరితే అప్పిస్తుంది. 1854లో 17 ఏళ్ళ వయసులో వచ్చిన యాప్ ఆ లాయ్ అనే కుర్రవాడు గనిలో కూలి చేసి, వంట చేసి, చిల్లర వ్యాపారం చేసి, 1868 నాటికి కౌలాలంపూరు చైనీయులకు 'కపితాన్' అయ్యాడు. వేలమందిలో ఒకడే అలా ఎదిగాడన్నది నిజం. కాని మిగిలిన వేలమందికీ ఆ నిచ్చెన కంటికి కనబడుతూ ఉండేది.

ఇక మనవాళ్ళు. వీళ్ళను పిలిచింది రబ్బరు. సింగపూరు తోటల అధికారిగా 1888లో వచ్చిన రిడ్లీ దొర రబ్బరు గింజలు జేబులో వేసుకొని తిరిగి, కనబడిన ప్రతి తోటయజమానికీ ఆ పంట గురించి చెప్పేవాడట. మోటారుకార్లు వచ్చాక దాని ధర ఆకాశానికంటింది. 1910 ప్రాంతంలో లండన్‌లో రబ్బరు కంపెనీల వాటాల కోసం జనం ఎగబడ్డారు. తోటలకు మనుషులు కావాలి. చైనా కూలీ ఎక్కువ అడుగుతాడు, నచ్చకపోతే వెళ్ళిపోతాడు. మద్రాసు రాష్ట్రమో, అదీ తమ ఏలుబడిలోనిదే. అక్కడి కూలీ 'అణకువ' కలవాడు. ఈ అణకువ అన్న మాట ఆనాటి దొరలకు చాలా ఇష్టమైనది. దాని అర్థం స్వభావం కాదు, వెళ్ళిపోవడానికి చోటులేకపోవటం.

ఒప్పంద కూలి పద్ధతిని 1910లో ఎత్తివేశాక కంగాణి పద్ధతి బలపడింది. కంగాణి అంటే తమిళంలో కనిపెట్టి చూసేవాడు. తోటలో పనిచేసే ఒకణ్ణి అతని సొంత ఊరికే పంపి, బంధువులనూ ఇరుగుపొరుగునూ పోగుచేసి తీసుకురమ్మంటారు, తలకింత ముడుతుంది. బర్మా పోయిన మనవాళ్ళకు ఇదే పనివాడు 'మేస్త్రీ' (మనం తెలుగనుకొని వాడుకునే ఈ మాట పోర్చుగీసువాళ్ళ ఇంట పుట్టింది). 1907లో పెట్టిన వలస నిధినుంచి ఓడ ఖర్చు భరించారు. నాగపట్నంలోనూ, మద్రాసు దగ్గర ఆవడిలోనూ శిబిరాలు. వెళ్ళినవాళ్ళలో అత్యధికులు తమిళులు. వారితోబాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి మన తెలుగువారు.

తోట అంటే మన మామిడితోటలాంటిది కాదు. అడవి మధ్య ఒక దీవి. ఉండే లైను ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, గుడి కట్టుకున్న నేల కంపెనీది. పని పోయిందంటే ఇల్లు పోయినట్టే. 1920ల చివర మగకూలీకి రోజుకు 50 సెంట్లు, ఆడకూలీకి 40 సెంట్లు ప్రమాణమని నిర్ణయించారు. 1930లో రబ్బరు ధర పడిపోగానే దాన్ని కోసి, వేలకొలది మందిని ఓడెక్కించి వెనక్కి పంపేశారు. యుద్ధకాలంలో జపానువాళ్ళు సయాం-బర్మా రైలుదారి వేయటానికి తోలుకుపోయిన తోటకూలీలలో ఎందరు తిరిగి రాలేదో, ఆ కుటుంబాలను అడగాలి. చైనా కూలీకి కనబడిన నిచ్చెన ఇక్కడ లేదు. కూలీ ఎదిగితే కంగాణి అవుతాడు. అంతటితో సరి. కంగాణి పైన గుమాస్తా, గుమాస్తా పైన దొర. ఆ మెట్లు వేరే మనుషులవి.

తాగుడు సంగతి చెప్పకుండా పోతే తప్పించుకున్నట్టవుతుంది. తోట గేటు దగ్గర కల్లు దుకాణం ఉండేది, మనవాళ్ళు తాగేవారు, ఎన్నో ఇళ్ళు గుల్లయినాయి. మరి చైనా కూలీ? అతడి నల్లమందు మన కల్లుకన్నా మెత్తనిదేమీ కాదు. జలసంధి రేవుల బ్రిటిష్ ప్రభుత్వానికి కొన్ని సంవత్సరాలలో వచ్చిన ఆదాయంలో సగానికి దగ్గరగా ఆ నల్లమందు మీదనే! తేడా ఎక్కడంటే, నల్లమందు గుత్తను చాలాకాలం పాడుకున్నది చైనా షావుకార్లు. ఆ పాపపు సొమ్ము గనిలోకి, ఓడలోకి, బ్యాంకులోకి, బడిలోకి కూడా పెట్టుబడిగా పారింది. తోటలో కల్లు అమ్మకం మనవాడి చేతిలో లేదు. ఇద్దరూ మత్తులో పడ్డారు. ఒకరి మత్తు వాళ్ళవాళ్ళకే మూలధనమైంది. దీన్ని నీతిపాఠంగా చెప్పాలంటే చిక్కే!

బడి దగ్గర కాస్త నిలబడతాను. ఉద్యోగమంతా పల్లెటూరి బడులలోనే చేసినవాణ్ణి గనుక ఈ ఒక్క విషయంలో నాకు కొంత అధికారం ఉందనుకుంటాను.

1923 నాటి కార్మిక చట్టం ప్రకారం తోటలో బడియీడు పిల్లలు పదిమంది ఉంటే యజమాని బడి పెట్టాలి. పెట్టాడు. ఒక రేకుల కొట్టం, పాలు తూచే గుమాస్తానో, నాలుగక్షరాలు వచ్చిన కంగాణియో పంతులు. తెల్లవారుజామున పిల్లలు తల్లితో చెట్ల దగ్గరికి వెళ్ళి, ముంతల్లో పట్టిన రబ్బరు పాలు మోసి, ఆ తరువాత బడికి. ప్రాథమిక తరగతులు పూర్తయితే చదువు పూర్తయినట్టే; ఆ పైది పట్నంలో, ఇంగ్లీషులో, జీతం కట్టి. మెట్లు నాలుగు కట్టి మేడ కట్టని ఇంటికి ఎవరు ఎక్కుతారు? తల్లిదండ్రులకు చదువు విలువ తెలియలేదంటారు. నాకు తెలిసినంతలో బీదవాడికి చదువు విలువ తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ చదువు ఎక్కడికీ తీసుకుపోదని కూడా వాడికే ముందు తెలుస్తుంది.

ఆ బడుల్లో భాష తమిళం. తెలుగు పిల్లవాడికి ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, దొర దగ్గర మూడవది. కొన్ని తోటలలో తెలుగు బడులు నడిచాయి, నిలవలేదు. 1955లో అక్కడివారు ఆంధ్ర సంఘం పెట్టుకొని, 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలను కౌలాలంపూరుకు రప్పించుకొని, సెలవురోజుల్లో పిల్లలకు అ ఆ లు దిద్దిస్తూ భాషను నిలబెట్టుకొచ్చారంటే, నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. పదిమంది చేరితే పన్నెండు కక్షలు కట్టేవాళ్ళు చేసే పనేనా ఇది?

చైనా బడులు వేరు. అవి ఊళ్ళో పుట్టాయి. సంఘాలు చందాలెత్తి కట్టాయి, చైనానుంచి పంతుళ్ళను, పుస్తకాలను తెప్పించుకున్నాయి. వాటిలో రాజకీయాలు పాకుతున్నాయని బెదిరి ప్రభుత్వం 1920లో బడుల నమోదు చట్టం తెచ్చింది. తోట బడిని చూసి ఎవరూ బెదరలేదు. 1950లలో సింగపూరులో చైనా భాషలో నాన్యాంగ్ విశ్వవిద్యాలయం పెట్టాలని తలపెట్టినప్పుడు రబ్బరు కోటీశ్వరులతోబాటు రిక్షా తొక్కేవాళ్ళు తమ ఒకనాటి సంపాదన ఇచ్చారు. 1961 విద్యాచట్టం, ప్రభుత్వ సాయం కావాలంటే ఉన్నత పాఠశాలల్లో బోధనభాష మార్చుకొమ్మన్నది. కొన్ని చైనా బడులు మారాయి. మిగిలినవి సాయమే వద్దనుకొని చందాలమీద బతికాయి. అవి ఇప్పటికీ దాదాపు 60 ఉన్నాయి. తమిళ మాధ్యమంలో ఉన్నత పాఠశాల ఒక్కటీ లేదు. చైనీయుల ఈ పట్టుదలను నేను తక్కువ చేయను. పంతులుగా నాకు అసూయ కూడా. కాని రిక్షావాడు ఒకనాటి సంపాదన ఇవ్వాలంటే ఆ సంపాదన అతని చేతికి వచ్చి ఉండాలి, చందా పుస్తకం పట్టుకొచ్చేవాడు అతని వీధిలోకి రాగలగాలి.

ఇంతకూ 'భారతీయులు' అని మనం ఒకే గంపలో పోసినవాళ్ళు ఒక్కరా? యాళ్ళపాణం తమిళులు మిషనరీ బడుల్లో ఇంగ్లీషు నేర్చుకొని రైల్వేలో, ఆఫీసుల్లో గుమాస్తాలుగా దిగారు. మలయాళీలు తోటల్లోనే లెక్కలు రాసే పనుల్లో కుదిరారు. చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేసి లాభం చెట్టినాడు పంపుకున్నారు. వాళ్ళ అప్పుతో గనులు తవ్వుకున్న చైనీయులున్నారు గాని, తోటకూలీకి ఆ డబ్బుతో పనేముంది? సింగపూరులో పుట్టి ఇంగ్లీషు చదివిన తంబుసామి పిళ్ళై కౌలాలంపూరు పెద్దమనుషులలో ఒకడై, 1893లో విక్టోరియా ఇన్‌స్టిట్యూషన్ స్థాపకులలో చైనా షావుకార్ల సరసన కూర్చున్నాడు. యాళ్ళపాణం గుమాస్తాదీ, తోటకూలీదీ ఒకే భాష, ఒకే మురుగన్. గుమాస్తా మనుమడు డాక్టరో, ప్లీడరో అయినాడు. కూలీ మనుమడు చాలాచోట్ల అదే చెట్టుకు గాటు పెట్టాడు. జాతిగుణమే కారణమైతే ఈ ఇద్దరూ ఇంతగా ఎందుకు విడిపోయారు?

సగటు లెక్కలు ఇటువంటి తేడాలను మింగేస్తాయి. 1970లో అక్కడి ఇంటింటి నెలసరి ఆదాయం సగటున చైనీయులది 394 రింగిట్లు, భారతీయులది 304, మలయులది 172. పేదరికం మలయులలో 65 శాతం, భారతీయులలో 39, చైనీయులలో 26. దీన్ని చూసి, భారతీయులు మధ్యస్థంగా బాగానే ఉన్నారులే అనిపించడం సహజం. డాక్టరు ఆదాయాన్నీ, ఒకే లైను ఇంటిలోంచి పనికిపోయే ముగ్గురు కూలీల ఆదాయాన్నీ కలిపి భాగిస్తే వచ్చిన అంకె అది. అదే ఏడాది కంపెనీల వాటాలలో భారతీయుల చేతిలో ఉన్నది నూటికి ఒకటి చిల్లర.

1969 మే అల్లర్ల తరువాత, 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. మలయుల దారిద్ర్యం కాదనరానిది. దాన్ని తగ్గించిన ఘనత ఆ విధానానికి ఉంది. చైనీయులకు అది చేదే అయినా తట్టుకోవడానికి సొంత బడి, సొంత వ్యాపారం ఉన్నాయి. తోటకూలీకి అటు కోటా లేదు, ఇటు కొట్టూ లేదు. అప్పటికే 1969నుంచి పౌరసత్వం లేనివాళ్ళకు పని పర్మిట్లు పెట్టడంతో, అక్కడే ఏళ్ళతరబడి బతికి కాగితం సంపాదించుకోలేకపోయిన వేలమంది వెనక్కి వచ్చేశారు. 1956లో మొదలైన ఫెల్డా పథకం అడవి కొట్టి, రబ్బరు, పామాయిలు వేసి కుటుంబాలకు భూమి పంచింది. ఆ భూమి దాదాపు అంతా మలయ రైతులకే దక్కింది. ఆ దేశంలో రబ్బరు చెట్టు సంగతి తరతరాలుగా తెలిసిన చేతులకు ఒక ఎకరా రాలేదు.

అవకాశం చిక్కిన చోట ఆ చేతులు ఏం చేశాయో కూడా చెప్పాలి. యాజమాన్యాలు తోటలను ముక్కలుచేసి అమ్ముకుంటున్న రోజుల్లో, 1960లో వి.టి. సంబంధన్ ఒక సహకార సంఘం పెట్టి తోట తోటకూ తిరిగాడు. కూలీలు పది డాలర్ల వాయిదాలతో వాటాలు కట్టారు. ఆ డబ్బుతో కెడా రాష్ట్రంలో బుకిట్ సిడిం తోట కొన్నారు, ఆ తరువాత మరికొన్ని కొన్నారు. పొదుపు తెలియని జాతి అన్నవాళ్ళు ఈ వాయిదాల లెక్క చూడాలి. 1980లలో పెట్టిన మైకా హోల్డింగ్స్‌కు కూడా వేలమంది చిన్నజీతగాళ్ళు నగలు కుదువపెట్టి డబ్బు తెచ్చిచ్చారు. అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. నాయకత్వం చేసిన చేటు చిన్నదేమీ కాదు. కులాల గోడలు ఓడెక్కి తోటలదాకా వచ్చిన మాటా నిజమే. వాటిని దాచవలసిన అవసరం నాకు లేదు. కాని అవి తోట మీద వచ్చి పడిన బరువులు. తోట లేకుండా ఆ కథ లేదు.

ఆ తోటలు కూడా పోయాయి. రబ్బరు తీసి పామాయిలు వేశారు, పామాయిలు తీసి ఇళ్ళ స్థలాలు వేశారు. 1980నుంచి 2000 మధ్య సుమారు 3 లక్షల మంది తోటలు విడిచి పట్నపు అంచులకు చేరారని అంచనా. ఇల్లు లేదు, చేతిలో ఉన్న పనితనానికి పట్నంలో గిరాకీ లేదు. 2007 నవంబరు 25న కౌలాలంపూరు వీధుల్లో హిండ్రాఫ్ పిలుపుమీద వేలమంది బయటికి రావడం వెనుక ఈ యాభై ఏళ్ళూ ఉన్నాయి.

చైనీయులందరూ సుఖంగా ఉన్నారని ఎవరైనా అనుకుంటే అదీ సరికాదు. కమ్యూనిస్టు తిరుగుబాటు కాలంలో, 1950 తరువాత, దాదాపు 5 లక్షల మందిని, అత్యధికులు చైనీయులే, ముళ్ళకంచె వేసిన 'కొత్త పల్లెల'లోకి తరలించారు. వాటిలో చాలాకాలం బీదరికం తాండవించింది. మేడల వరుస చూసి వచ్చినవాళ్ళు ఆ పల్లెలకు వెళ్ళి ఉండరు.

ఇంకా సందేహముంటే అంత దూరం పోనక్కరలేదు, మనల్ని మనమే చూసుకుందాం. 1965లో అమెరికా వలస చట్టం మార్చిన తరువాత అక్కడికి వెళ్ళిన తెలుగువాడు డాక్టరు, ఇంజనీరు. చేతిలో పట్టాతో విమానం దిగాడు. ఇవాళ అక్కడి తెలుగువాణ్ణి చూసి, ఎంత తెలివైన జాతి, ఎంత క్రమశిక్షణ అంటున్నారు. మనమూ ఒప్పేసుకుంటున్నాం. పెరాక్‌లోని బగాన్ దాతో తోటల్లో కొబ్బరికాయలు వలిచిన వాడిదీ ఇదే భాష, ఇదే ఉగాది పచ్చడి. న్యూజెర్సీవాడి గుణాలు జాతివి, బగాన్ దాతోవాడి కష్టాలు మాత్రం అతని సొంత తప్పులు అనడం ఏ న్యాయశాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఒక మాట చరిత్ర చెప్పి ముగిస్తాను. మలయ భాషలో దక్షిణ భారతీయుణ్ణి 'కెలింగ్' అంటారు. అది మన కళింగమే. పాత మలయ గ్రంథాలలో ఆ మాట రాజులకు, ఓడ వర్తకులకు చెల్లింది. 1801లో పెనాంగులో భారతీయ ముస్లిం వర్తకులు కట్టిన మసీదుకు కపితాన్ కెలింగ్ పేరే ఉంది, ఇప్పటికీ ఉంది. తోటల కాలం వచ్చాక అదే మాట తిట్టయింది. ఈనాడు దాన్ని ఎవరైనా నోరుజారి అంటే మలేషియాలో తగాదా అవుతుంది. మాటలో ఒక్క అక్షరం మారలేదు.